ముసలి చెరువు కట్ట - దాని బాగోగులు

హైదరాబాదు పాతనగరంలో తాలాబ్ కట్ట అను పేట ఒకటి ఉన్నది. ఆ పేరులో మొదటి మాట ఉర్దూ, రెండవ మాట తెలుగు. తాలాబ్ అనగా చెరువు. కట్ట అనగా ఆ నీటిని నిలిపిన మట్టిగోడ. రెండు భాషలవారు కలిసి నీళ్ళు నిలుపుకొన్న నగరంలో ఊరిపేరు కూడా అట్లే కలిసి పుట్టినది. నేడు ఆ వీధులలో నడచువారికి చెరువు కనిపించదు. ఇండ్లు, దుకాణాలు, జనసమ్మర్దము కనిపించును. ఇట్లు నీరుపోయి పేరు మిగిలిన చోట్లు మనకు చాలా ఉన్నవి. నీరూ, కట్టా రెండూ మిగిలి, వాటిని పట్టించుకొనే మనిషి మాత్రమే పోయిన చోట్లు అంతకంటె ఎక్కువ. ఈ వ్యాసము ఆ రెండవ రకపు చోట్లను గూర్చినది.

నాగార్జునసాగరము, శ్రీరాంసాగరము వంటి మహానిర్మాణాలను గూర్చి పాఠ్యపుస్తకాలలో చదువుకొంటాము. వాటికి ఇంజనీర్లు ఉన్నారు, గేట్లు ఉన్నవి, కొలత పరికరాలు ఉన్నవి, రాత్రింబవళ్ళు కాపలా ఉన్నది. చిన్న చెరువుల సంగతి వేరు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ ప్రారంభమైన నాటికి లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46 వేలకు పైబడినవి. వీటిలో అధికభాగపు కట్టలు పది మీటర్ల ఎత్తుకు లోపువే. 2021లో పార్లమెంటు ఆమోదించిన ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన ఎత్తుగల ఆనకట్టలకు వర్తించును. ఎత్తు 10 నుండి 15 మీటర్ల మధ్య ఉన్నవాటి విషయంలో పొడవు, నిల్వ, వరద పరిమాణము, పునాది స్థితి, నిర్మాణములోని అసాధారణత వంటి షరతులలో ఏదైనా ఒకటి ఉన్నపుడే వర్తించును. పది మీటర్లకు తక్కువైన కట్ట ఆ చట్టపు దృష్టిలో లెక్కలోనిదే కాదు. దాని క్రింది ఇండ్లలోకి వచ్చే నీరు మాత్రము చట్టము చదివి రాదు.

ముసలి కట్ట అనగానే, పాతబడినది కావున కూలునని మనము తలచెదము. ఈ తలంపు సగమే నిజము. రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల నాటివి; 13వ శతాబ్దిలో ఏర్పడి, ఎన్నోసార్లు మరమ్మతు పొంది, నేటికీ నీరు నిలుపుచున్నవి. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఏర్పడిన హుస్సేన్ సాగరు కట్ట మీద నేడు మోటారు వాహనాలు బారులు తీరి పోవుచున్నవి. దీనికి ఎదురుగా మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా తివరె కట్టను పెట్టి చూడవలెను. అది పాతికేళ్ళు కూడా నిండని చిన్న మట్టి కట్ట. 2019 జూలై 2వ తేదీ రాత్రి అది తెగి ఇరవై మంది వరకు ప్రాణాలు పోయినవి. కట్టనుండి నీరు కారుచున్నదని గ్రామస్థులు అంతకు ముందే మొరపెట్టుకొన్నారు. ఎండ్రకాయలు కట్టను తొలిచినవని ఆ రాష్ట్ర మంత్రి ఒకరు సెలవియ్యగా దేశమంతా నవ్వినది. నిజానికి ఎండ్రకాయ బొరియల వలన మట్టి కట్టకు హాని కలుగుననుట అబద్ధము కాదు. ఎండ్రకాయ తొలుచుచున్నన్నాళ్ళు ఆ కట్టమీద ఎవరు నడిచినారన్నది అడుగవలసిన ప్రశ్న.

నా అభిప్రాయంలో చిన్న కట్టను కూల్చుటలో వయస్సు పాత్ర కంటె చూచే మనిషి లేకపోవుట పాత్ర పెద్దది. కట్ట తెగుటకు ముందు చాలాకాలము చెప్పుచునే ఉండును. ఆ మాటలు ఎట్లుండునో, వాటిని ఎట్లు చదువవలెనో విద్యార్థులు నేర్వదగినవి. ఇందుకు పెద్ద గణితము కూడా అక్కరలేదు.

మత్తడి లెక్క

చెరువుకు ముఖ్యమైన అవయవములు మూడు. నీటిని ఆపునది కట్ట. పొలమునకు నీరు వదలునది తూము. నిండిన తరువాత వచ్చే అదనపు నీటిని క్షేమముగా బయటికి పంపునది మత్తడి; దీనినే కోస్తా జిల్లాలలో అలుగు అనియు, కళింగ అనియు అందురు. చెరువు మత్తడి దుంకినదన్న వార్త పల్లెలో పండుగ వంటిది. మేకను కోసి కట్టమైసమ్మకు మొక్కు చెల్లించే ఊళ్ళు నేటికీ ఉన్నవి. అయితే ఇంజనీరు దృష్టిలో మత్తడి చెరువునకు ప్రాణరక్షణ ద్వారము. ఏలనన, మట్టి కట్ట ఎంత బలమైనదైనా తన తలమీదుగా పారే నీటిని సహించలేదు. నీరు కట్టమీదుగా పొర్లినపుడు బయటి వాలును కోసికొనుచు దిగును. ఆ కోత క్రిందనుండి పైకి ప్రాకి, కొద్ది గంటలలోనే, ఒక్కొక్కప్పుడు అంతకంటె ముందే, గండి అగును.

ఒక లెక్క చేసి చూతము. మత్తడి మీదుగా సెకనుకు పారే నీరు, ఘనపు మీటర్లలో, సుమారుగా ఇంత: మత్తడి పొడవును, దానిపై నీటి ఎత్తుయొక్క ఒకటిన్నరవ ఘాతముతో గుణించి, ఆ వచ్చిన దానిని 1.7తో గుణించవలెను. ఉదాహరణకు ఒక చెరువునకు 5 చదరపు కిలోమీటర్ల పరీవాహకము ఉన్నదనుకొందము. చెరువు నిండి ఉన్న దినమున మూడు గంటలలో 10 సెంటీమీటర్ల వాన పడినది. అందులో సగము నేలలో ఇంకినా రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు చెరువులో చేరును. అనగా సగటున సెకనుకు 23 ఘనపు మీటర్లు. మత్తడి పొడవు 30 మీటర్లైనచో ఈ నీరు పోవుటకు మత్తడిపై దాదాపు 59 సెంటీమీటర్ల ఎత్తు కావలెను. మత్తడి అంచుకంటె కట్ట తల ఒక మీటరు ఎత్తున ఉన్నచో 41 సెంటీమీటర్లు ఇంకను మిగిలియున్నవి. చెరువు క్షేమము.

ఇపుడు ఆ మత్తడిలో సగభాగమును ఒకరు మట్టిపోసి ఆక్రమించినారనుకొందము. అదే వాన, అదే నీరు. పదునైదు మీటర్ల పొడవుమీద ఆ నీరు పోవుటకు 94 సెంటీమీటర్ల ఎత్తు కావలెను. కట్ట తలకు ఆరు సెంటీమీటర్లు మాత్రమే మిగిలినది. గాలికి లేచే అల ఒకటి దానిని దాటగలదు. ఎండాకాలము నీరు ఎక్కువ నిలువవలెనని రైతులు మత్తడిపై ఒక అడుగు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చినారనుకొందము. అపుడు నీటిమట్టము కట్ట తలకంటె 24 సెంటీమీటర్లు పైన ఉండవలసివచ్చును. అంతవరకు కట్ట ఆగదు. ఈ బస్తాలు పెట్టినవారు దుర్మార్గులు కారు. రెండవ పంటకు నాలుగు తడులు దక్కునన్న ఆశ వారిది. బస్తాలు కట్టకు ఏమి చేయునో వారికి లెక్కవేసి చూపినవారు లేరు.

పట్టణములో లెక్క మరొక విధముగా మారును. పరీవాహకమంతా ఇండ్లు, సిమెంటు రోడ్లు అయినపుడు వానలో పదింట తొమ్మిది వంతులు చెరువులోనికే పరుగెత్తును. అదే వానకు సెకనుకు సుమారు 42 ఘనపు మీటర్ల నీరు వచ్చును. పూర్తి 30 మీటర్ల మత్తడి ఉన్నను 87 సెంటీమీటర్ల ఎత్తు కావలెను. సగము మత్తడి ఉన్నచో 139 సెంటీమీటర్లు. కట్ట ఒక్క అంగుళమైనా కుంగలేదు, ఒక్క రాయి అయినా ఊడలేదు. అయినను ఆ చెరువు నిన్నటికంటె నేడు ప్రమాదకరమైనది. మనుష్యునకు రోగము లోపలనుండి వచ్చును. చెరువునకు చుట్టుప్రక్కలనుండి కూడా రాగలదు.

ఇదంతా కాగితముమీది లెక్క. చెరువులోనే కొంత వరద నిలిచి ప్రవాహపు తాకిడి తగ్గును. వాన ఎప్పుడూ సమానముగా కురియదు. ఇంజనీరు ఇంకను నిశితముగా లెక్కింపవలసియుండును. కాని మత్తడి పొడవు తగ్గినకొలది, దాని అంచు పెరిగినకొలది కట్ట ప్రాణము తరుగునన్న సత్యమును విద్యార్థి తన నోటుపుస్తకములోనే చూడవచ్చును.

గొలుసులో ఒక కడియము

మన చెరువులు ఒంటరివి కావు. ఎగువ చెరువు మత్తడి నీరు దిగువ చెరువునకు వచ్చునట్లు పూర్వులు వాటిని గొలుసుగా కట్టినారు. కరవులో ఇది గొప్ప ఏర్పాటు; వరదలో ఇదే ప్రమాదము. ఎగువ కట్ట తెగినచో దానిలోని నీరంతయు ఒక్కసారిగా దిగువ చెరువుమీద పడును. ఆ కట్టను కట్టినవాడు అంత నీటిని ఊహించియుండడు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను గూర్చి మన నగరములో వినని ఇల్లు లేదు. ఆ వరదకు ముందు 48 గంటలలో శంషాబాదులో దాదాపు 19 అంగుళముల వాన కురిసినది. ఆ పిమ్మట నిజాం ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో తేలిన సంగతి ఏమనగా, హైదరాబాదుకు ఎగువనున్న 860 చదరపు మైళ్ళ పరీవాహకములో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 తెగినవి. ఇంచుమించు చదరపు మైలునకు ఒక చెరువు. నగరముమీద పడినది వాన ఒక్కటే కాదు. తెగిన రెండువందల పైచిలుకు చెరువుల నీరు కూడా దానితో కలిసి వచ్చినది. ఆయన సలహాతో ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను సిద్ధమైనవి. ఈ రెండు పేర్లు మనకు బాగా గుర్తున్నవి; ఆ 221 చెరువుల సంగతి పరీక్షలలో ఎవరూ అడుగరు.

చిన్న చెరువు తెగిన ఫలితము ఆ ఊరి పొలాలతోనే ఆగదని 2005 అక్టోబరు 29వ తేదీ చూపినది. నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద ఎగువ చెరువులకు గండ్లు పడి వచ్చిన వరద రైలు వంతెనను కోసివేయగా, తెల్లవారుజామున వచ్చిన డెల్టా పాసింజరు ఆ కోతలో పడినది. నూరుమందికి పైగా మరణించినారు. ఆ బండిలోని వారిలో ఎందరికి ఆ చెరువుల పేర్లు తెలిసియుండును?

ఇంకను దగ్గరి సంగతి 2020 అక్టోబరుది. ఆ నెల 13, 14 తేదీలలో హైదరాబాదులో ఒక్క దినములోనే 19 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైనది. పాతనగరపు దక్షిణ భాగమున పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ వంటి బస్తీలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. అదే వారము 17వ తేదీ రాత్రి బాలాపూరు వద్ద గుర్రం చెరువు కట్టకు గండి పడి, హాఫిజ్ బాబానగరు మొదలైన బస్తీలలోకి నీరు దూకినది. మొదటి వాన బురదను ఇంకను కడుగుకొనుచున్న ఇండ్లలోకే ఆ రెండవ నీరు వచ్చినది. పుస్తకాలు, సర్టిఫికెట్లు, కుట్టుమిషన్లు, వియ్యమునకు దాచిన సామాను తడిసిపోయిన ఇండ్లు అవి. ఈ సంచిక చదువువారిలో ఆ బస్తీల పిల్లలు ఉందురని వేరుగా చెప్పనక్కరలేదు. పొలము ఉన్న కాలములో ఆ చెరువు క్రింద వరి మునిగెడిది. పొలము పోయి బస్తీ వచ్చినది. కట్ట మాత్రము వరిమడిని కాచుటకు కట్టినదిగానే ఉన్నది.

తేట నీరు, బురద నీరు

పొర్లుట తరువాత మట్టి కట్టలకు రెండవ గండము లోపలి కోత. ప్రజలు దీనిని బుంగ అందురు. మట్టి కట్ట నీటిని పూర్తిగా ఆపునని అనుకొనుట పొరపాటు. నీరు ఎల్లప్పుడు కట్టలోనికి ఇంకుచునే ఉండును. లోపల ఒక వాలుగీతవలె దిగుచు బయటివైపు పాదము వద్దకు చేరును. మంచి కట్టలో ఆ నీరు మెల్లగా, మట్టిని కదల్చక, తేటగా బయటపడును. ఎక్కడైనా దారి సులువైనచో నీటి వేగము పెరిగి మట్టి రేణువులను వెంట తీసికొనిపోవును. రేణువు పోయినచోట దారి ఇంకను పెద్దదగును. ఇట్లు బయటివైపు మొదలైన సన్నని సొరంగము లోపలివైపునకు ప్రాకి చెరువు నీటిని తాకిన క్షణమున కట్టను కాపాడుట దుర్లభము.

ఆ సులువైన దారి ఎక్కువగా తూము వెంట ఏర్పడును. రాతితోనో సిమెంటుతోనో కట్టిన తూము కట్ట అడుగున ఆ చివరనుండి ఈ చివరకు పోవును. రాయి కుంగదు, మట్టి కుంగును. రెంటికి నడుమ ఏళ్ళు గడచినకొలది సందు ఏర్పడును. ముసలి కట్టలో వయస్సు నిజముగా పనిచేయు స్థలము ఇదే. తూము బయటి నోటి ప్రక్క, తూములోనుండి గాక దాని గోడ వెలుపలినుండి నీరు వచ్చుచున్నదా అని చూడవలెను.

పరీక్ష అతి సులభమైనది. ఊట నీటిని ఒక తెల్లని గాజు సీసాలో పట్టి అరగంట కదల్చక ఉంచవలెను. అడుగున మట్టి పేరకున్నచో ఊట ఉన్నను తక్షణ భయము లేదు. కాని దాని పరిమాణమును వారము వారము వ్రాసికొనవలెను. మట్టి పేరినచో అది కట్టలోని మట్టియే. ఆ సీసాను తీసికొని ఆ పూటయే ఇంజనీరు వద్దకు పోవలెను. ఊట తేటగానే ఉన్నను, చెరువు మట్టము పెరగకుండగనే ఊట పెరిగినచో అదియు చెడ్డ గుర్తే. కట్టకు దగ్గరగా చెరువు నీటిలో చిన్న సుడి తిరుగుచున్నచో ఆలోచించుటకు కూడా వ్యవధి లేదు. క్రింది ఇండ్లను ఖాళీ చేయించవలెను.

ఇక్కడ సాధారణముగా జరుగు ఒక తప్పును చెప్పవలెను. బయట బురద ఊట కనబడగానే జనులు ఆతురతతో బంకమట్టి తెచ్చి ఆ రంధ్రమును బయటివైపున బిగించెదరు. నీరు ఆగినట్లే కనిపించును. లోపల ఒత్తిడి పెరిగి నీరు మరొకచోట, మరింత బలముగా, దారి చూచుకొనును. బయటివైపు చేయవలసినది మూయుట గాదు, వడగట్టుట. ముందు ముతక ఇసుక, దానిపై గులకరాళ్ళు, ఆపై రాళ్ళ బరువు పెట్టినచో నీరు బయటికి పోవును, మట్టి లోపల నిలుచును. ఊట నేలలోనుండి బుగ్గవలె ఉబుకుచున్నచో దానిచుట్టు ఇసుక బస్తాలు వలయముగా పేర్చి ఆ వలయములో నీరు కొంత ఎత్తు నిలువనియ్యవలెను. ఆ నీటి బరువు లోపలి తోపును తగ్గించును. మూయు ప్రయత్నము చేయవలసినది చెరువు వైపున. తూము తెరచి మట్టమును తగ్గించవలెను, కాని మెల్లగా. నానిన లోపలి వాలునుండి నీరు హఠాత్తుగా దిగిపోయినచో ఆ వాలు జారిపడును. ఈ పనులు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో జరుగవలసినవి. విద్యార్థులు కట్ట క్రిందకు దిగి సాహసము చేయరాదు.

చెట్ల విషయము చిక్కైనది. కట్టమీద వేప నీడ చల్లగా ఉండును; తాటిచెట్లు అందముగా ఉండును. సర్కారు తుమ్మ ఎవరూ నాటకయే కమ్ముకొనును. బ్రదికియున్న వేరు మట్టిని పట్టియుంచునన్నది కొంతవరకు నిజమే. చెట్టు చచ్చిన తరువాత ఆ వేరు క్రుళ్ళి, ఉన్నచోట ఒక గొట్టము వంటి ఖాళీ మిగులును. గాలివానకు పెద్దచెట్టు కూలినచో కట్టలో బండెడు మట్టిని పెళ్ళగించును. పైగా పొదలు కమ్మిన కట్టమీద పందికొక్కు బొరియ గాని, చెదపుట్ట గాని, తడి మచ్చ గాని కనిపించదు. నన్నడిగినచో పొదల వలన కలిగే అతిపెద్ద నష్టము ఇదే. చిన్న మొక్కలను ఏటేట తీసివేయవలెను. మాను అయినదానిని మాత్రము నరికి వేరును అట్లే వదలరాదు. వేరు తీసి గోతిని పొరలుపొరలుగా దిమ్మిస కొట్టి నింపు ఏర్పాటు ఉన్నపుడే దానిని ముట్టవలెను.

పూడిక తీయుట గూర్చి ఒక మాట. పూడిక తీసిన చెరువులో నీరు పెరుగును, పొలమునకు ఒండ్రు దక్కును; మంచిదే. అయితే యంత్రములతో కట్ట పాదము వరకు త్రవ్వుకొనిపోయినచో, ఏళ్ళ తరబడి అక్కడ పేరుకొని ఊటను తగ్గించిన బంకమట్టి దుప్పటి కూడా పోవును. కట్టకు దూరముగా త్రవ్వవలెనన్న నియమము లారీల తొందరలో మొదట మరువబడును.

రాతి కమానుల కట్ట

మన కట్టలన్నియు మట్టివి కావు. నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రక్కనున్న మీర్ ఆలం చెరువు కట్ట ప్రపంచ ఇంజనీరింగు చరిత్రలో పేరు పొందినది. 1804 నుండి 1808 వరకు దివానుగా ఉన్న మీర్ ఆలం పేర వెలసిన ఈ కట్ట 21 అర్ధవలయాకారపు రాతి కమానుల వరుస. కమాను ఉబ్బు నీటివైపున ఉండును. నీరు నెట్టినకొలది రాళ్ళు ఒకదానికొకటి బిగియును; ఆ తోపు కమానుల నడుమనున్న దిమ్మలకు చేరును. నిలువు గోడగా కట్టినచో కావలసిన రాతిలో కొంత భాగముతోనే అదే నీటిని ఆపిన తెలివి ఇది. ఉస్మాన్ సాగరు రాకముందు నగరమునకు త్రాగునీరు ఇచ్చిన ముఖ్యమైన చెరువులలో ఇది ఒకటి.

రెండువందల ఏండ్లు దాటిన రాతి కట్ట జబ్బులు వేరు. రాయి అరుగుట తక్కువ. రాళ్ళను పట్టియుంచిన సున్నము మెల్లగా నీటిలో కరగును. సందులలో రావి, మర్రి విత్తనములు పడి మొలచును. ఆ వేరు మేకువలె రాళ్ళను విడదీయును. కమానుల కట్టలో ఒక దిమ్మ తన ఇరువైపుల కమానుల తోపును మోయుచుండును గనుక, దిమ్మలో పగులు ఏర్పడిన దాని ఫలితము రెండు కమానులమీద పడును. కావున ఇట్టి కట్టమీద మొలచిన గుప్పెడంత రావిమొక్కను పీకుట అలంకారపు పని కాదు. చారిత్రక కట్టడమని ఫలకము పెట్టి ఫోటోలు తీసికొనుట సులభము. తాళ్ళు కట్టుకొని దిగి సందులలో సున్నము నింపువారికి ఏటేట కూలి ఇచ్చుట కష్టము. నేను రెండవ దానికే ఓటు వేయుదును.

నీరటి పోయిన తరువాత

పూర్వము ఊరిలో నీరటి అనే మనిషి ఉండెడివాడు. తూము తీయుట, మూయుట, పొలములకు వంతులవారీగా నీరు పంచుట అతని పని. రైతులు కల్లములో ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. వానరాత్రి గొంగడి కప్పుకొని, లాంతరు పట్టుకొని కట్టమీద తిరుగుట కూడా అతని పనిలో భాగమే. ఎక్కడ నేల నిన్న గట్టిగా ఉండి ఈ రోజు మెత్తగా ఉన్నదో అతని పాదమునకు తెలిసెడిది. మరమ్మతుల కొరకు దశబంధము ఇనాము వంటి ఏర్పాట్లు కూడా ఉండెడివి. ఆ వ్యవస్థ అంతయు మంచిదని నేను అనను. కులము వలన సంక్రమించిన చాకిరీ అందులో ఉన్నది, వెట్టి ఉన్నది. అది పోవుటయే న్యాయము. అతని చాకిరీ పోవలసినదే గాని అతని చూపు పోరాదు. చెరువు ప్రభుత్వ శాఖ చేతికి వచ్చినది. 1997 చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. గ్రామసేవకులు గ్రామ రెవెన్యూ సహాయకులైనారు. 2023లో తెలంగాణలో ఆ ఉద్యోగమును కూడా రద్దుచేసి వారిని వేర్వేరు శాఖలలో సర్దినారు. ఒక ఇంజనీరు క్రింద పదుల కొలది చెరువులు ఉన్నపుడు వానరాత్రి ఆయన ఏ కట్టమీద నడువగలడు?

కళాశాల కమిటీ వారికి ఇందు నిమిత్తము ఒక విన్నపము. మన విద్యార్థులు కాలినడకన పోగల దూరములోనున్న ఒక్క చెరువును ఎన్నుకొని, దానికి ఒక పుస్తకము తెరువవచ్చును. భూగోళము, భౌతికశాస్త్రము చదువువారు, జాతీయ సేవా పథకములో ఉన్నవారు ఇద్దరిద్దరుగా నెలకొకసారి, వానకాలములో వారమునకొకసారి, పగటిపూట కట్ట పొడవునా నడచి చూచినది వ్రాయవలెను. మత్తడి పొడవును టేపుతో కొలిచి, ఎన్ని మీటర్లు తెరపి ఉన్నదో ఎన్ని మీటర్లు మూసికొనిపోయినదో వ్రాయవలెను. మత్తడి అంచుకంటె కట్ట తల ఎంత ఎత్తున ఉన్నదో మేస్త్రీలు మట్టము చూచుటకు వాడే నీళ్ళ గొట్టముతో తెలిసికొనవచ్చును. కట్ట పొడవునా పది చోట్ల చూచినచో అన్నిటికంటె పల్లమైన చోటు తెలియును. నీరు ముందుగా దాటేది అక్కడనే. పశువులు ఎక్కిదిగు దారి, మోటారు సైకిళ్ళ అడ్డదారి సాధారణముగా ఆ పల్లమును చేయును. కట్టమీద నెర్రెలు, గుంతలు, బయటి పాదమువద్ద ఎండాకాలములో కూడా పచ్చగా నున్న గడ్డి మచ్చ, ఊట సీసా ఫలితము, ఇవి తేదీతో ఉండవలెను. ఒక్కనాటి ఫోటో కంటె మూడేండ్ల వరుస కొలతలు ఇంజనీరుకు ఎక్కువ ఉపయోగపడును.

పుస్తకమును రెండు భాషలలో వ్రాయవలెనని నా కోరిక. కట్ట క్రింది బస్తీలలో ఉర్దూ మాత్రమే చదువగలవారు ఉన్నారు, తెలుగు మాత్రమే చదువగలవారు ఉన్నారు. నీటిపారుదల శాఖ స్థానిక ఇంజనీరు, తహసీల్దారు, నగరపాలక సంస్థ కార్యాలయము, అత్యవసరమునకు 112, ఈ నెంబర్లను రెండు లిపులలోను పలకమీద వ్రాసి మత్తడి వద్దను, మసీదు, గుడి, కిరాణా దుకాణముల వద్దను పెట్టవచ్చును. గండి పడినచో ఏ వీధి ముందు మునుగును, ఏ మేడ ఎక్కవలెను అన్నది బస్తీ పెద్దలతో, ముఖ్యముగా ఇంటిలో ఉండు స్త్రీలతో, ముందుగనే కూర్చుండి చర్చింపవలెను. 2020లో నీరు ఏ గోడపై ఎంతవరకు నిలిచినదో వారికి తెలిసినంతగా ఏ పటమునకు తెలియదు.

ఖర్చు ఎక్కువ కాదు: ఒక టేపు, ఇరవై మీటర్ల నీళ్ళ గొట్టము, అరడజను గాజు సీసాలు, గట్టి అట్ట పుస్తకము ఒకటి. మొదటి కొలతలు మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందు, కట్ట పొడిగా ఉన్నపుడే తీసియుంచవలెను.